పోటీలో నెగ్గిన లోగో రబ్బరు స్టాంపు దగ్గర ఓడింది: ఒక కేస్ స్టడీ

క్లయింట్ ఒక గ్రంథాలయాల నెట్‌వర్క్. ఒక కేంద్ర గ్రంథాలయం, దాని కింద చిన్నా పెద్దా శాఖలు, ఒక పుస్తకాల వ్యాను, ఈమధ్యే వచ్చిన మొబైల్ యాప్. సగం ప్రజల సొమ్ముతో, సగం విరాళాలతో నడుస్తుంది. పేరు బయటపెట్టకూడదన్నది మా ఒప్పందం. జరిగింది జరిగినట్టు రాసుకోవడానికి మాత్రం సరేనన్నారు. లోగో ఎలా గీశానన్నది ఇందులో చిన్న భాగం. అంతకుముందు వాళ్లు పెట్టిన పోటీ ఏమైంది, నాతో బేరం ఎలా కుదిరింది అన్నవే ఎక్కువ రాస్తాను. ఉచిత నమూనాల మీద, లోగో పోటీల మీద మన వృత్తిలో ఏళ్ల తరబడి నడుస్తున్న తగువు నాకు కాస్తయినా అర్థమైంది అక్కడే.

నాతోపాటు మరికొందరు డిజైనర్లకు ఒకే మెయిల్ వచ్చింది. "మా లోగోకు రెండేసి నమూనాలు పంపండి, నచ్చినవారికి పని అప్పగిస్తాం." దీన్నే స్పెక్ వర్క్ అంటాం. పని ముందు, పారితోషికం దైవాధీనం. ఇలాంటి వాటికి మామూలుగా రెండు లైన్లలో మర్యాదగా కుదరదని రాసేస్తాను. ఈ మెయిల్ చివర మాత్రం ఒక వాక్యం ఉంది: "గతంలో ఆన్‌లైన్ పోటీ నిర్వహించాం కానీ ఫలితం ఆశించినట్టు ఉపయోగపడలేదు." అది చదివి ఫోన్ చేశాను. ఎత్తింది సమన్వయకర్త. జీవితమంతా లైబ్రరీ కౌంటర్ల వెనకే గడిపిన మనిషి.

"పోటీలో లోగో వచ్చింది కదండీ, మళ్లీ ఎందుకు?"

"వచ్చిందండీ, చూడ్డానికి బాగానే ఉంటుంది. స్టాంపు చేయిస్తే మాత్రం మసిముద్దలా పడుతోంది. యాప్‌లో వేస్తే ఏంటో తెలియట్లేదు."

"మరి ఈసారి నమూనాలు తెప్పించుకుంటే స్టాంపు సంగతి ముందే తెలుస్తుందంటారా?"

కాసేపు మాట్లాడలేదు. "తెలియదండీ. కానీ ఏదో ఒకటి కళ్లముందు పెట్టకపోతే కమిటీ డబ్బు మంజూరు చేయదు. ఒకసారి చేతులు కాల్చుకున్నాం. ఇంకోసారి తప్పు మనిషిని పట్టుకొచ్చానంటే మాట పడేది నేను."

ఆ ఆఖరి మాట దగ్గరే నాకు పని మొదలైందనుకోవాలి. డబ్బు మిగుల్చుకుందామని నమూనాలు అడగట్లేదావిడ. నిధులు ఉన్నాయి. ఎవరిని నమ్మాలో తెలియక, తేడా వస్తే నెత్తిన పడుతుందన్న భయంతో అడుగుతోంది. అంతకుముందు పోటీ పెట్టింది కూడా అందుకే. వంద బొమ్మలు ముందుంటే ఒక్కటైనా మంచిది ఉండకపోతుందా అన్న ధీమా.

పోటీ ఫైళ్లు

కాదు, అవును అని చెప్పకుండా ముందు ఒక్కటి అడిగాను: పోటీ తాలూకు మొత్తం సరుకు చూపించమని. వచ్చిన ఎంట్రీలు, వాటికి ఇచ్చిన నక్షత్రాలు, రాసిన వ్యాఖ్యలు, అన్నీ. ఇలాంటి లోగో పోటీల సైట్లు ఎలా నడుస్తాయో తెలియనివారికి రెండు మాటలు. క్లయింట్ తనకేం కావాలో చెప్పే చిన్న బ్రీఫ్ రాసి, ప్యాకేజీ కొని, పోటీ తెరుస్తాడు. మొదటి విడతలో ఎవరైనా ఎంట్రీ పెట్టొచ్చు. క్లయింట్ ఒకటి నుంచి ఐదు నక్షత్రాల దాకా వేస్తూ వ్యాఖ్యలు రాస్తాడు. తర్వాత కొందరిని ఫైనల్‌కి తీసుకుని, దిద్దించుకుని, ఒకరికి బహుమతి ఇస్తాడు. హక్కుల బదిలీ పత్రం మీద సంతకాలయ్యాక ఫైళ్లు చేతికొస్తాయి. మిగతావాళ్లకు ఏమీ ఉండదు. వంద మంది పాల్గొంటే సగటున ఒక్కో డిజైనర్‌కి దక్కేది బహుమతిలో నూరోవంతు.

బ్రీఫ్ చదివాను. ఆధునికంగా, నమ్మకంగా, స్నేహపూర్వకంగా ఉండాలి. అన్ని వయసులవారికీ నచ్చాలి. అంతే. లోగో ఎక్కడెక్కడ పడుతుందో ఒక్క ముక్క లేదు. ఏ సైజులో, ఎన్ని రంగుల్లో, ఏ లిపుల్లో అన్నదీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అవసరం ఏమిటో తేలకముందే బొమ్మలు అడిగేశారు. తప్పు పట్టడానికి లేదు. ఆ ఫారంలో అడిగిన గడులే అవి.

ఎంట్రీలను వచ్చిన క్రమంలో పేర్చి చూశాను. ఇది ఎవరైనా చేసి చూడదగ్గ పని. మొదట్లో అన్నిరకాలూ ఉన్నాయి: తెరిచిన పుస్తకం, చెట్టు, దీపం, బల్బు, తలుపు, ఇంగ్లీషు ఎల్ అక్షరాన్ని తిప్పినవి. రెండో రోజు ఒక పుస్తకం పేజీలు పక్షి రెక్కలుగా మారుతున్న బొమ్మకు కమిటీ ఐదు నక్షత్రాలు వేసింది. ఆ తర్వాత చూడాలి, పక్షులే పక్షులు. పావురం, పిచ్చుక, గువ్వ, ఒకటి రెండు గద్దలు కూడా. పుస్తకాలన్నిటికీ రెక్కలొచ్చాయి. మొదటి రోజు తలుపు గుర్తు గీసిన మనిషికి రెండు నక్షత్రాలొస్తే, మర్నాడు అతనూ పక్షితో తిరిగొచ్చాడు. నన్నడిగితే ఆ తలుపు మొత్తం పోటీలో పనికొచ్చే రెండు మూడు ఆలోచనల్లో ఒకటి.

ఇది ఈ ఒక్క పోటీ చిత్రం కాదు. డేనియల్ గ్రాస్ అనే ఆర్థికశాస్త్రవేత్త అచ్చంగా ఇలాంటి లోగో పోటీల సమాచారం తీసుకుని పరిశోధన చేశాడు. ఎక్కువ రేటింగ్ పడిన డిజైనర్, పోటీ లేకపోతే అదే బొమ్మను అటూ ఇటూ మారుస్తూ కూర్చుంటాడు. సమఉజ్జీ ఒకడు ఎదురుంటే కొత్త ఆలోచనకు తెగిస్తాడు. సమఉజ్జీలు మరీ ఎక్కువైతే పోటీ వదిలేసి పోతాడు. సాఫ్ట్‌వేర్ పోటీల మీద బూద్రో, లాసెటెరా, లఖాని చేసిన 2011 నాటి అధ్యయనం కూడా దాదాపు ఇదే దారిలో ఉంటుంది: మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే శ్రమ తగ్గుతుంది. కాకపోతే పరిష్కారం ఏ మూల నుంచి వస్తుందో ఎవరికీ తెలియని చిక్కు సమస్యల్లో మంది ఎక్కువుంటే లాభమే. లైబ్రరీ లోగో అలాంటి చిక్కు సమస్యేం కాదు. దానికి కావలసిన సమాచారమంతా కౌంటర్ దగ్గర కూర్చునే మనుషుల దగ్గరుంది. అడగడానికి పోటీలో దారి లేదు, అంతే.

గెలిచిన పక్షిని బొమ్మతో వెతికే సెర్చ్‌లో పెట్టాను. రెక్కల మెలికతో సహా అదే పక్షి ఒక స్టాక్ సైట్‌లో, అంటే రెడీమేడ్ బొమ్మలు అమ్మే చోట, అమ్మకానికి ఉంది. కింద పుస్తకం మాత్రమే కొత్తది. స్టాక్ సైట్ల మామూలు లైసెన్సుతో కొన్న బొమ్మను ట్రేడ్‌మార్క్‌గా వాడుకోకూడదు, ఇంకెవరైనా అదే పక్షిని కొనుక్కోవచ్చు. హక్కుల బదిలీ పత్రం మీద సంతకం ఉంది నిజమే. తనది కాని హక్కును ఎవరు మాత్రం ఎలా బదిలీ చేస్తారు? స్టాక్ వాడితే చెప్పాలని పోటీ నిబంధనల్లో ఉంది, చెప్పలేదు.

గెలిచినవాణ్ని దొంగ అనడానికి నాకు మాత్రం నోరు రాదు. పది పోటీల్లో దిగితే తొమ్మిదింటిలో ఖాళీ చేతులతో వెళ్లే మనిషి ఒక్కో ఎంట్రీకి ఎంత సమయం పెట్టగలడు? లెక్క వేసుకుంటే రెడీమేడ్ పక్షే గిట్టుబాటు. వెతికి, గీసి, చెరిపి, ట్రేడ్‌మార్క్ రికార్డులు చూసి ఎంట్రీ పెట్టేవాడు ఆ లెక్కలో ఎప్పుడూ నష్టపోతాడు.

స్టాంపు సంగతి

ఇప్పుడు ఆ మసిముద్ద దగ్గరికి వస్తాను. లైబ్రరీ స్టాంపు చిన్నది. ఒకే రంగు సిరా. పడేది మెత్తటి, పూత లేని పుస్తకం కాగితం మీద. అలాంటి కాగితం సిరాను పీల్చి పక్కలకు పాకనిస్తుంది. ప్యాడ్‌కి కొత్తగా సిరా పోసిన రోజు ఇంకా ఎక్కువ. గెలిచిన లోగోలో రెక్కకు రెక్కకు మధ్య వెంట్రుకంత సందులున్నాయి. స్క్రీన్ మీద నీలం నుంచి ఆకుపచ్చలోకి జారే గ్రేడియెంట్ ఆ సందులను చక్కగా చూపిస్తుంది. స్టాంపులో గ్రేడియెంట్ ఉండదు కాబట్టి అంతా నలుపే, సందులు సిరాతో పూడిపోతాయి. మిగిలేది కాళ్లున్న ముద్ద. కౌంటర్‌లో ఒకాయన దాన్ని చూపించి, "పిల్లలు దీన్ని బొద్దింక అంటున్నారండీ" అన్నాడు.

పుస్తకం వెన్ను మీద అతికించే లేబుల్ ఇంకా ఇరుకు. సన్నటి పుస్తకాలకైతే లేబుల్ వెన్ను దాటి అట్ట మీదికి వంగుతుంది. అక్కడ పక్షి సగం ఇటు, సగం అటు.

పాత తగువు

పనిని ఒకరికి కాకుండా ఆన్‌లైన్ గుంపుకు వదిలేయడాన్ని క్రౌడ్‌సోర్సింగ్ అంటారు. ఆ మాట 2006లో వైర్డ్ పత్రికలో జెఫ్ హౌ రాసిన వ్యాసంతో వాడుకలోకొచ్చింది. 2008లో మెల్‌బోర్న్ నుంచి 99డిజైన్స్, షికాగో నుంచి క్రౌడ్‌స్ప్రింగ్ అనే డిజైన్ పోటీల సైట్లు మొదలయ్యాయి. మొదటిదాని పుట్టుక తమాషాగా ఉంటుంది. సైట్‌పాయింట్ అనే వెబ్‌సైట్ చర్చావేదికలో డిజైనర్లు సరదాకి ఒకరితో ఒకరు పోటీపడి గీసుకునేవారు. అది చూసి బయటివాళ్లు డబ్బు పెట్టి అడగడం మొదలెట్టారు. 2020లో ఆ కంపెనీని విస్టాప్రింట్ అనే ప్రింటింగ్ కంపెనీ కొనేసింది.

డిజైనర్ల సంఘాలు మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాయి. అమెరికాలో ఏఐజీఏ, అంతర్జాతీయంగా ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆఫ్ డిజైన్, చేసిన పనికి ప్రతిఫలం ఉండాలనీ ఉచితంగా నమూనాలు అడగకూడదనీ రాతపూర్వకంగా చెప్పాయి. కెనడా 150వ వార్షికోత్సవ చిహ్నానికి ప్రభుత్వం విద్యార్థుల పోటీ పెట్టినప్పుడు అక్కడి డిజైనర్ల సంఘం గట్టిగా అభ్యంతరం చెప్పింది. అయినా పోటీ జరిగింది, 2015లో వాటర్లూ విశ్వవిద్యాలయ విద్యార్థిని గెలిచింది, 5,000 డాలర్ల బహుమతి అందుకుంది. సంఘాలు చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా అవి చెప్పేదంతా మన కడుపు గురించి. డబ్బు పెట్టేవాడికి తన తలనొప్పి ముఖ్యం. "మా శ్రమను దోచుకుంటున్నారు" అని రాసిన ఏ ఉత్తరమూ ఆ సమన్వయకర్త భయాన్ని తగ్గించేది కాదు. ఆవిడ ఇంకో డిజైనర్ దగ్గరికి వెళ్లేది, అంతే తేడా.

అందుకని జవాబులో నీతులు మాట్లాడలేదు. నమూనాలు పంపనని ఒక్క వాక్యంలో చెప్పేసి, మిగతా పేజీ అంతా వాళ్ల భయానికి రాశాను. కొన్ని భాగాలు ఇవి:

"మీకు కావలసిన భరోసా నమూనాల్లో దొరకదు. మీ కౌంటర్లు చూడకుండా నేను ఏం గీసినా అది ఊహే, మిగతావారు గీసినా ఊహే. అందంగా ఉన్న ఊహను ఎంచుకోవడం ఒకసారి జరిగింది.

"పనిని రెండు ముక్కలు చేద్దాం. మొదటిది చిన్నది: శాఖలు తిరిగి, సిబ్బందితో మాట్లాడి, లోగో పడే ప్రతి వస్తువునూ పోగుచేసి, అసలు ఏం కావాలో రాసిస్తాను. దీనికి రుసుము ఉంటుంది. ఇందులో బొమ్మలుండవు. ఆ నివేదిక పూర్తిగా మీదే. అది చూశాక మీకు నేను వద్దనిపిస్తే దాన్ని ఇంకెవరికైనా ఇచ్చి పని చేయించుకోండి.

"నేనెలా పనిచేస్తానో తెలియాలంటే నా పాత క్లయింట్లకు ఫోన్ చేయండి. నాతో గొడవపడిన క్లయింట్ నంబరు కూడా ఇస్తున్నాను."

ఆ ఆఖరిదే పనిచేసిందని తర్వాత ఆవిడ చెప్పింది. గొడవపడిన క్లయింట్‌కే ముందు ఫోన్ చేశారట. గడువు దగ్గర పేచీ వచ్చింది కానీ పని గట్టిదేనని ఆయన చెప్పాడు. పొగడ్త కన్నా ఆ సాక్ష్యానికి బరువెక్కువ.

వద్దనుకుంటే వెళ్లిపోగల దారి ఉండటం కూడా కమిటీకి నచ్చింది. నిజానికి పోటీ సైట్లు అమ్ముకునేది కూడా ఆ సౌకర్యమే: నచ్చకపోతే డబ్బు వాపసు. ఆ ధైర్యం మనం ఇవ్వగలిగితే సగం తగువు తీరినట్టే. కాకపోతే వాళ్లు ఆ ఖర్చును వంద మంది డిజైనర్ల నెత్తిన వేస్తారు. ఇక్కడ మొదటి విడత రుసుము రూపంలో క్లయింటే భరిస్తాడు, అదీ చిన్న మొత్తం.

కౌంటర్ల దగ్గర తేలింది

శాఖల్లో కూర్చుని చూడటం తప్ప పెద్దగా ఏం చేయలేదు. అక్కడ బయటపడినవి మాత్రం ఏ బ్రీఫ్‌లోనూ వచ్చేవి కావు.

మొట్టమొదటిది, నెట్‌వర్క్ పేరు ఎవరి నోటా రాదు. పొడుగాటి అధికారిక పేరు ఒకటుంది, ఉత్తరాల మీద తప్ప ఎక్కడా వినపడదు. జనం తమ శాఖ పేరే పిలుస్తారు. కార్డు పోతే "మా లైబ్రరీ కార్డు పోయింది" అంటారు, ఒక శాఖ పుస్తకాన్ని ఇంకో శాఖలో తిరిగివ్వొచ్చని చాలామందికి తెలియనే తెలియదు. కమిటీ కోరిక కూడా అదే: అన్నీ ఒకే కుటుంబమని తెలియాలి. అంటే కావలసింది ఒక బొమ్మ కాదు, ప్రతి శాఖ పేరూ ఇముడుతూ అన్నీ ఒకటేనని చెప్పే పద్ధతి. పోటీలో వందల ఎంట్రీలొచ్చినా ఒక్కదాంట్లోనూ శాఖ పేరుకు చోటు లేదు. ఎలా ఉంటుంది, ఎవరూ అడగలేదు కదా.

రెండోది లిపి. పేర్లు రెండు లిపుల్లో పడాలి. ఒకటి మన లిపిలాగే పైన గుడులు, కింద ఒత్తులతో నిలువునా చోటు తినేది. గెలిచిన లోగోలో పేరు ఒక్క ఇంగ్లీషు లిపిలోనే ఉంది, పక్షి పాదాలకు ఆనించి. కింద రెండో పేరు పెట్టాలంటే ఒత్తులు పాదాలకు తగులుతాయి. సిబ్బంది దాన్ని వర్డ్‌లో టైపు చేసి పక్కన అతికించేస్తున్నారు, ఒక్కో శాఖలో ఒక్కో ఫాంటు.

మూడోది, సిబ్బంది దేన్ని ప్రేమగా చూసుకుంటారో గమనించాను. వెన్ను లేబుల్. పాత పుస్తకాల మీద చేత్తో రాసినవి, కొత్తవాటి మీద ప్రింటు తీసినవి, విభాగాన్ని బట్టి కింద రంగు పట్టీ ఉన్నవి. అరలో ఒక్క లేబుల్ ఎత్తు తేడాగా ఉన్నా ఒకావిడ లేచి సరిచేసి వచ్చేది.

నివేదిక ఇచ్చాను. కమిటీ రెండో ముక్క కూడా నాకే అప్పగించింది. ఒప్పందంలో రాసుకున్నవి క్లుప్తంగా: చెల్లింపు మూడు విడతల్లో, మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా చేసిన పనికి రుసుము, ఆఖరి చెల్లింపు అందాక ఎంపికైన డిజైన్ మీద హక్కులన్నీ వాళ్లకు, ఎంపిక కానివి నావే. ఆ చివరి షరతుకు వాళ్ల లాయరు అడ్డుచెప్పాడు. వాడుకోని బొమ్మలు మీకెందుకని అడిగితే, ఎందుకో ఆయనకూ తెలియలేదు, వదిలేశాడు.

లేబుల్

లోగో లేబులే. నిలువు దీర్ఘచతురస్రం, కింది మూడోవంతు నిండు పట్టీ. పట్టీలో శాఖ పేరు, పైన ఖాళీ. పిల్లల విభాగంలో ఆ ఖాళీలో బొమ్మ వస్తుంది, కార్డు మీద సభ్యుని నంబరు వస్తుంది, వ్యాను మీద ఏమీ రాదు. శాఖలన్నీ వరుసగా పెడితే అరలో నిలబెట్టిన పుస్తకాల్లా కనిపిస్తాయి.

స్టాంపు కోసం పట్టీని నింపకుండా గీత గీశాను, నిండు పట్టీ సిరాను ఎక్కువ తాగి తడితడిగా పడుతుంది కాబట్టి. గీత మందం ఎంతుండాలో కంప్యూటర్ ముందు తేల్చలేదు. వేర్వేరు మందాలతో స్టాంపులు చేయించి, కౌంటర్ మనుషులకిచ్చి, కొత్త సిరాతోనూ ఎండిన ప్యాడ్‌తోనూ పాత పుస్తకాల కాగితం మీద వేయించాను. వాళ్లు ఎంచుకున్నది నేననుకున్నదాని కంటే లావు గీత. యాప్ ఐకాన్‌కు ఇంకో గొడవ. ఆండ్రాయిడ్‌లో ఐకాన్ కాన్వాసు 108 యూనిట్లు. ఒక్కో ఫోన్ దాన్ని ఒక్కో ఆకారంలో కత్తిరిస్తుంది, నడిమి 66 యూనిట్లకే భద్రత. నిలువు లేబుల్ గుండ్రటి కత్తెరలో బిక్కచచ్చిపోయింది. చివరికి ఐకాన్‌లో రెండు లేబుళ్లు పక్కపక్కన పెట్టాను. ఇప్పటికీ అది నాకు పూర్తిగా నచ్చదు, కానీ నడుస్తుంది.

ట్రేడ్‌మార్క్ కోసం వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో బొమ్మతో వెతికి, వాళ్ల లాయరు చేత సంబంధిత క్లాసులన్నీ చూపించాం. క్లాసులంటే ట్రేడ్‌మార్క్ నమోదుకు సరుకులనూ సేవలనూ విడగొట్టిన తరగతులు. మొత్తం 45 క్లాసుల్లో వాళ్లకు పనికొచ్చేవి కొన్నే. దీర్ఘచతురస్రం మీద ఎవరికీ పెత్తనం ఉండదు. రిజిస్టర్ అయ్యేది శాఖ పేర్లతో, అక్షరాలతో కలిపిన మొత్తమేనని ముందే చెప్పి ఉంచాను.

కమిటీ గదిలో

ఒక్కటే చూపించాను. మూడు రకాలు చూపించమని అడిగారు. 1986లో నెక్స్ట్ కంపెనీ లోగోకు స్టీవ్ జాబ్స్ ఆప్షన్లు కావాలంటే పేరున్న డిజైనర్ పాల్ రాండ్ ఇవ్వననే చెప్పాడని డిజైనర్లంతా గర్వంగా చెప్పుకుంటారు. నాది రాండ్ మొండితనం కాదు, ఆ స్థాయీ కాదు. రకాలన్నీ స్టాంపుల రూపంలో కౌంటర్ల దగ్గర ముందే చూసి వడపోశాం, ఆ కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచాను. పక్కన పాత లోగో స్టాంపు కూడా వేసి పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు, ఒకాయన మాత్రం బొద్దింక మీద వేలుపెట్టి నవ్వాడు.

అభ్యంతరం ఇంకో వైపు నుంచి వచ్చింది. "ఇది ప్రజల సంస్థ. జనాన్ని అడగకుండా మనమే తేల్చేస్తే ఎలా?" ఇది న్యాయమైన ప్రశ్నే. జనాన్ని అడగడానికి పోటీ ఒక్కటే దారి కాదని రెండు ఉదాహరణలు చెప్పాను. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2016లో జాన్సన్ బ్యాంక్స్ స్టూడియోకి డబ్బిచ్చి పని అప్పగించింది. కానీ ఏడు డిజైన్ దారులను బహిరంగంగా పెట్టి అభిప్రాయాలు తీసుకుంది. 2017 జనవరిలో తుది గుర్తు ప్రకటించింది. గీయడం వృత్తినిపుణుల పని, మాట్లాడటం అందరి పని. దీనికి ఎదురు ఉదాహరణ గ్యాప్ అనే బట్టల కంపెనీ. 2010 అక్టోబరులో కొత్త లోగో పెట్టింది, జనం తిట్టిపోశారు. కంగారులో "అయితే మీరే పంపండి" అంటూ ఫేస్‌బుక్‌లో ప్రకటించింది. దానికీ తిట్లే. వారం తిరక్కుండా పాత లోగోకే వెళ్లిపోయింది. తిట్లు పడతాయన్న భయంతో జనం మీదికి తోసేస్తే భయం పోదు, పరువు పోతుంది.

కౌంటర్ సిబ్బందీ లైబ్రరీ సభ్యులూ స్టాంపు పరీక్షలో ఉన్నారని, వాళ్ల మాట మీద గీత మందం మారిందని చూపించాక కమిటీ ఒప్పుకుంది. ఏకగ్రీవం కాదు. కమిటీలో ఒకావిడకు అది ఇప్పటికీ "ఖాళీ చీటీ"యే. ఆవిడ ఎదురుపడితే అదే మాట అంటుంది. నేను కాదనను, నచ్చాలన్న రూలేం లేదు.

పోటీల్లో మంచివి లేవా

ఉన్నాయి. పోటీ అనగానే ముఖం చిట్లించే సాటి డిజైనర్లతో నాకు పేచీ ఇక్కడే. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకానికి 1981లో వచ్చిన 1,421 ఎంట్రీల్లో గెలిచింది మాయా లిన్, అప్పటికి యేల్ విద్యార్థిని. పేర్లు కప్పి, నంబర్లతో చూడకపోతే ఆమెను ఎవరు పిలిచేవారు? రీసైక్లింగ్ గుర్తు 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి పోటీలో గీసిందే. మన రూపాయి గుర్తు కూడా అలాగే వచ్చింది: 3,000కు పైగా ఎంట్రీల్లోంచి డి. ఉదయ కుమార్ గీసినది 2010 జులైలో ఖరారైంది.

వీటిని ఆ లైబ్రరీ పోటీ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అడిగినది అందరికీ ఒకేలా అర్థమయ్యేది. రూపాయి అంటే ఏమిటో ఎవరూ కౌంటర్ దగ్గర కూర్చుని తెలుసుకోనక్కర్లేదు. స్మారకం పోటీకి ఆర్కిటెక్టులు, శిల్పులు ఉన్న 8 మంది జ్యూరీ కూర్చుంది, మధ్యలో నక్షత్రాలు వేస్తూ మందను ఒక దిక్కుకు తోలలేదు. గెలిచినవాళ్లకు పేరు మిగిలింది. ఆన్‌లైన్ లోగో పోటీలో అది కూడా అరుదు.

టోక్యో 2020 ఒలింపిక్స్ కథ రెండు పక్షాల నోళ్లూ మూయిస్తుంది. మొదట అవార్డులొచ్చిన డిజైనర్లకే అవకాశమిచ్చి, 104 ఎంట్రీల్లోంచి కెంజిరో సానో డిజైన్ తీసుకున్నారు. బెల్జియంలోని లీజ్ థియేటర్ లోగోను పోలి ఉందన్న ఆరోపణతో 2015 సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నారు. తర్వాత అందరికీ తలుపులు తెరిస్తే 14,599 ఎంట్రీలొచ్చాయి. నాలుగింటిని వడపోసి, జనం అభిప్రాయం తీసుకుని, 2016 ఏప్రిల్‌లో అసావో టోకోలో చేసిన గళ్ల గుర్తును ఖరారు చేశారు. మూడు రకాల 45 దీర్ఘచతురస్రాలతో అల్లిన అద్భుతమైన పని అది. బహుమతి 10 లక్షల యెన్‌లు, ఒలింపిక్స్ గుర్తు స్థాయికి అది దాదాపు ఏమీ కాదు. ఫలితం బాగుంది కాబట్టి పద్ధతి బాగుందంటే నేనొప్పుకోను. పద్ధతి అన్యాయం కాబట్టి ఫలితం చెడ్డదన్నా ఒప్పుకోను.

కొత్తగా వృత్తిలోకి వచ్చినవాళ్లు నన్నడుగుతుంటారు, పోటీల్లో దిగాలా వద్దా అని. పోర్ట్‌ఫోలియోలో ఏమీ లేనప్పుడు దిగొద్దని చెప్పడం నాలాంటివాళ్లకు సులువు. నేను చెప్పేది ఇంతే: నిజమైన క్లయింట్‌తో వాదించడం ఎలాగో అక్కడ నేర్చుకోలేరు, ఐదు నక్షత్రాల వెంట పరిగెత్తడం అలవాటవుతుంది. అదే సమయంలో తెలిసిన చిన్న సంస్థకు తక్కువ రుసుముకో, ఒప్పందం రాసుకుని ఉచితంగానో పూర్తి పని చేయండి. ఉచితమైనా సరే, ఎవరి కోసం చేస్తున్నారో తెలుస్తుంది, ప్రశ్నలడగొచ్చు.

ఇప్పుడు ఆ నెట్‌వర్క్ పనులిచ్చే పద్ధతి మార్చుకుంది. మొదటి వడపోతలో బొమ్మలు అడగరు. పాత పనులు చూస్తారు, ఒకసారి కూర్చుని మాట్లాడతారు. ఇద్దరు ముగ్గురి దగ్గర ఆలోచనలు కావాలనిపిస్తే అందరికీ సమానంగా రుసుము ఇస్తారు. ఈమధ్య సమన్వయకర్త ఫోన్ చేసి, పిల్లల చేత సెలవుల పోస్టరు పోటీ పెడదామనుకుంటున్నాం, మీరు కోప్పడతారేమోనని అడుగుతున్నానంది. పెట్టండి అన్నాను. వచ్చిన బొమ్మలన్నీ గోడకు పెట్టమని, పిల్లల పేర్లు తీసేయొద్దని, గెలిచిన బొమ్మను ఆ సెలవుల తర్వాత ఇంకెక్కడా వాడొద్దని చెప్పాను. మూడోది నిబంధనల్లో రాస్తున్నానంది.